బారసాల బొంత

మూడు ముక్కలుండాలి. రెండే ఉన్నాయి.

యేసుమణి అగ్గిపెట్టెను మళ్ళీ అరచేతిలో బోర్లించింది. మిషను సూది పైభాగం, లావుపాటిది, పడింది. నడిమి ముక్క పడింది. దారం ఎక్కించే బెజ్జం ఉన్న కొసముక్క, గోరంత మొన, అది మాత్రం లేదు. అగ్గిపెట్టెను చింపి చూసింది. మిషను కింద బోర్లా పడుకుని, చెంప గచ్చుకు ఆనించి చూసింది. దారప్పోగులు, ఒక హుక్కు, రెండు చమ్కీలు కనిపించాయి. మొన కనిపించలేదు.

"ఏంటమ్మా ఆ పడుకోవడం?" అంటూ లోపలి గదిలోంచి జావా నోట్సు పట్టుకుని కూతురు యూనిస్ వచ్చింది.

"కదలకు! అక్కడే ఉండు, ఇటు కాలు పెట్టకు. సూది మొన కనపడ్డంలేదు."

"ఏ సూది?"

"మధ్యాహ్నం విరిగింది. బొంత మూల కుడుతుంటే."

యూనిస్ మొహం పాలిపోయింది. "ఆ బొంత వజ్రమ్మ పట్టుకుపోయిందిగా!"

గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది. పంజాగుట్టలో వసుమతిగారింట్లో బారసాల నాలుగింటికి. ఆవిడ ఇరవై ఒక్క రోజుల మనవడిని ఉయ్యాల్లో వేసేది యేసుమణి కుట్టిన బొంత మీదే.

తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు బాగా తెలుసు. పన్నెండున్నరకు చివరి మూల కుడుతోంది. నాలుగు పాత నూలు చీరల మడతలు అక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కి కొండలా అయ్యాయి. మిషను మూలిగింది, టక్కుమంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో వసుమతిగారి పనిమనిషి వజ్రమ్మ నిలబడి, "జల్ది ఇయ్యమ్మా, మా అమ్మగారు గడియకోసారి అడుగుతుంది," అని ప్రాణం తీసింది. దానికితోడు కరెంటు పోయింది. చేతికి దొరికిన ముక్కలు అగ్గిపెట్టెలో పడేసి, కొత్త సూది బిగించి, గుడ్డి వెలుతురులో ఆ జానెడు కుట్టూ పూర్తిచేసి ఇచ్చేసింది. తర్వాత చూసుకోవచ్చులే అనుకుంది.

తర్వాత చూసుకోవడం అనేది ఆమె జీవితంలో లేదు. పదకొండేళ్ళు ఎగుమతి బట్టల కంపెనీలో పనిచేసింది. అక్కడ సూది విరిగితే లైనంతా ఆగిపోవాలి. ముక్కలన్నీ వెతికి, కాగితం మీద ఒకదాని కొసకు ఒకటి పేర్చి, సూది పూర్తయిందని సూపర్‌వైజరు సంతకం పెడితేగానీ మిషను కదలకూడదు. ఒక్క ముక్క తగ్గినా ఆ రోజు కుట్టిన బట్టలన్నీ పక్కన పడేసేవాళ్ళు. కంపెనీ మూతపడి మధురానగర్‌లో ఇంట్లో కుట్టుకోవడం మొదలుపెట్టినా ఆ అలవాటు మాత్రం పోలేదు. విరిగిన ప్రతి సూదినీ ముక్కలు కలిపి నోట్‌బుక్‌లో టేపుతో అంటించి తేదీ వేసేది. హాస్టలు అమ్మాయిల చుడీదార్లు ఎన్నోసార్లు బిగుతయ్యాయి, ఒకసారి రెండు ఎడమ చేతులు కుట్టి తిట్లు తింది, యూనిస్‌కి మొదలుపెట్టిన స్వెట్టరు మూడు చలికాలాలుగా ఒక్క చేతితోనే ఉండిపోయింది. అవన్నీ విప్పి కుట్టుకునే తప్పులు. సూది ముక్క మాత్రం ఇంతవరకూ గడప దాటలేదు.

ఇవాళ దాటింది. అదీ పసివాడి పక్కలోకి.

ఫోన్ దగ్గరికి పరిగెత్తి వసుమతిగారి నంబరు తిప్పింది. ఎంగేజ్. మళ్ళీ తిప్పింది. ఎంగేజ్.

"ఇంటర్నెట్ పెట్టి ఉంటారమ్మా," అంది యూనిస్. "వాళ్ళబ్బాయి సాఫ్ట్‌వేర్ కదా. అది పెడితే ఫోన్ తగలదు."

"నేను పోతాను. నువ్వు మిషను విప్పి బట్టను జరిపే పళ్ళ కింద, బాబిన్ పెట్టే చోట, అంతా చూడు. దొరికినా దొరక్కపోయినా ఆ నంబరుకి కొడుతూనే ఉండు."

మిషనుకు రిబ్బనుతో వేలాడదీసి ఉన్న అయస్కాంతాన్ని లాగి సంచిలో వేసుకుంది. పాడైన రేడియో స్పీకర్లోది అది. కిందపడ్డ గుండుసూదులు ఏరడానికి పెట్టుకుంది. చెప్పులు ఒకదానికొకటి సరిపోయాయో లేదో కూడా చూసుకోకుండా మెట్లు దిగింది.

ఆటో దొరకడం దొరికింది కానీ అమీర్‌పేట చౌరస్తా దగ్గర ఇరుక్కుంది. ఆ రెండువేల సంవత్సరంలో అమీర్‌పేటలో బ్యాచ్ వదిలే వేళ ఆటో ముందుకు కదలడమంటే మాటలు కాదు. ఒరాకిల్, జావా, మెయిన్‌ఫ్రేమ్ బోర్డుల కిందనుంచి కుర్రాళ్ళూ ఆడపిల్లలూ పుస్తకాలు గుండెకు హత్తుకుని రోడ్డంతా నిండిపోయారు.

"అన్నా, కొంచెం తొందరగా పోనీ."

"ఏడికెల్లి పోవాలమ్మా? గాల్లకెల్లి పోనా?" అన్నాడు ఆటో అతను ఐలయ్య వెనక్కి తిరిగి. ఆమె మొహం చూశాక గొంతు తగ్గించాడు. "దవాఖానకా?"

"కాదు. కాకూడదు."

"జర ఫికర్ జెయ్యకు. పక్క గల్లీల నుంచి తీస్త."

గల్లీలో ఆటో ఎగిరెగిరి పడుతుంటే యేసుమణి కళ్ళముందు బొంత పరుచుకుంది. సూది విరిగిన మూల ఏది? పువ్వుల చీర అంచు వచ్చిన మూల. ఆ అంచును వసుమతిగారు ఎటు పెట్టమన్నారు? తలవైపు.

తలవైపు! పసిపిల్లల మాడు ఇంకా కలవదు. నడినెత్తిన చర్మం కింద గుండెలా కొట్టుకుంటూ ఉంటుంది. వేలితో తాకడానికే భయపడే చోటు అది. యేసుమణి సంచిని గుప్పిట్లో నలిపింది. "ప్రభువా, నా కళ్ళు తీసుకో. ఆ పసివాడిని మాత్రం..."

దానివెంటే ఇంకో ఆలోచన పాములా వచ్చింది. నిజం ఎందుకు చెప్పాలి? 'లోపల ఒక కుట్టు మర్చిపోయానమ్మగారూ, అయిదు నిమిషాలివ్వండి' అని బొంత పక్కకు తెచ్చుకుని వెతుక్కుంటే సరి. ఎవరికీ తెలియదు. తెలిస్తే మాత్రం మధురానగర్ నుంచి పంజాగుట్ట దాకా ఒక్క ఇల్లాలు కూడా ఆమె చేతికి బట్ట ఇవ్వదు. పసిబిడ్డ పక్కలో సూది వదిలిన యేసుమణి అంటారు. ఆ పేరు ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు.

మూడంతస్తుల మెట్లూ ఎక్కేసరికి పాట వినిపించింది. ఆడవాళ్ళందరూ కలిసి లాలిపాట పాడుతున్నారు. పాట కింద ఇంకో గొంతు. పసివాడు ఏడుస్తున్నాడు. ఆకలి ఏడుపు ఆగి ఆగి వస్తుంది. ఇది ఆగడంలేదు. సన్నగా, ఊపిరి అందకుండా, ఒకే తీరున సాగుతోంది.

అనుకున్న అబద్ధం గుమ్మం బయటే ఉండిపోయింది.

"బాబుని తియ్యండి!" యేసుమణి జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చింది. "ఉయ్యాల్లోంచి తియ్యండి! బొంతలో సూది ముక్క ఉంది!"

పాట తెగిపోయింది. పట్టుచీరలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. పసివాడి తల్లి శ్రీలేఖ ముందు తేరుకుంది. ఉయ్యాల్లోంచి కొడుకును లాక్కుని గుండెకు అదుముకుంది. పసుపు అంటిన జుబ్బా ముడులు లాగింది. వీపున, కుడి రెక్క కింద, ఎర్రటి చుక్క. చుక్క మీద ఆవగింజంత నెత్తురు.

ఆమె పెట్టిన కేకకు కింద వీధిలో నడిచేవాళ్ళు కూడా తలెత్తి ఉంటారు.

"యేసుమణీ!" వసుమతి గొంతు పగిలిపోయింది. ఆ ఇంటి పెద్ద ఆమే. భర్త కామరాజు నెమ్మదస్తుడు కావడంతో అజమాయిషీ అంతా ఆవిడదే. "మా అత్తగారి చీరలిచ్చాను! చల్లటి చెయ్యి అని నీకిచ్చాను! ఏం చేశావే నువ్వు?"

"మధ్యాహ్నం సూది విరిగిందమ్మగారూ. మొన దొరకలేదు. చూసుకోకుండా ఇచ్చేశాను. తప్పు నాదే."

"తప్పా?" పసివాడి తండ్రి భార్గవ్ ముందుకొచ్చాడు. కళ్ళజోడు వెనక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మొన లోపలికి పోయి ఉంటే? తప్పంటే సరిపోతుందా? అన్నయ్యా, డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఎక్స్‌రే తీయించాలి."

"అన్నీ పెడసరమే!" వసుమతి ఏడుపులోనే కొడుకు మీద పడింది. "ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే పక్క కింద కత్తి పెట్టాను. ఇనుము ఉంటే ఏ గాలీ దగ్గరికి రాదురా అన్నాను. ఇంట్లో కంప్యూటరు పెట్టుకుని కత్తేంటమ్మా అని తీసి వంటింట్లో పారేశాడు. ఆనాటి నుంచి బిడ్డ రాత్రుళ్ళు ఉలిక్కిపడుతూనే ఉన్నాడు. ఇదిగో, ఇవాళ ఇలా అయింది!"

భార్గవ్ అన్న తారక్ ఫోన్ తీగలోంచి ఇంటర్నెట్ తీగ పీకాడు. రిసీవరు మీద చెయ్యి వేశాడో లేదో, ఫోనే మోగింది. అందరూ ఉలిక్కిపడ్డారు.

"హలో... ఎవరు?" తారక్ యేసుమణి వైపు చూశాడు. "మీ అమ్మాయట."

యేసుమణి రిసీవరు రెండు చేతులతో పట్టుకుంది.

"అమ్మా, దొరికింది!" యూనిస్ అవతల ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "పళ్ళ కింద నూనె దూదిలో ఇరుక్కుని ఉంది. మూడూ నోట్‌బుక్‌లో పేర్చాను. పూర్తి సూది అయిందమ్మా. రెండుసార్లు చూశాను. బెజ్జం ఉంది, మొన ఉంది. బాబుకేం కాదు, వచ్చెయ్యి."

యేసుమణి అక్కడే చతికిలబడింది. "నా సూది ఇంట్లోనే ఉంది," అంది. "మొన దొరికింది. మిషనులోనే ఉందట."

గది ఊపిరి పీల్చుకుంది. ఒక్క క్షణమే. తర్వాత ఆ మాట వెనకున్న ప్రశ్న ఒక్కొక్కరి మొహంలోనూ తేలింది.

"అయితే," అంది శ్రీలేఖ నెమ్మదిగా, "మా బాబుకి గుచ్చుకుందేంటి?"

పసివాడు ఏడుపు ఆపి వెక్కుతున్నాడు. ఉయ్యాల గొలుసు కిర్రుమంది.

"అబద్ధం," అన్నాడు భార్గవ్. "తప్పించుకోవడానికి కూతురు చేత చెప్పిస్తోంది."

యేసుమణి సంచిలోంచి అయస్కాంతం తీసింది. బొంతను నేల మీద పరిచి, రిబ్బను పట్టుకుని అయస్కాంతాన్ని గుడ్డకు తగిలీ తగలకుండా తలవైపు నుంచి నడిపింది. పువ్వుల అంచు దగ్గర ఏమీ లేదు. చుట్టూ ఆడవాళ్ళు చీరలు ఎత్తిపట్టుకుని వెనక్కి జరిగారు, నేల మీద పాము తిరుగుతున్నట్టు. నడుమ ఏమీ లేదు. ఎడమ అంచున ఏమీ లేదు. కుడి అంచుకు వచ్చింది. రిబ్బను నిటారుగా ఉన్నదల్లా పక్కకు ఒరిగింది. అయస్కాంతం టిక్కుమని గుడ్డకు అతుక్కుంది.

"బ్లేడివ్వండి."

ఆ పక్కన తను వేసిన కుట్టు రెండు వేళ్ళు దూరేంత మేర ముందే ఊడదీసి ఉంది. దాన్ని ఇంకో నాలుగు అంగుళాలు తెంపి, మడత విప్పింది. లోపల వేలెడు పొడుగున్న సూది మెరిసింది.

"నీ సూదే కదా!" అంది వెనకనుంచి ఎవరో చుట్టం.

"కాదమ్మా. మిషను సూదికి బెజ్జం మొన దగ్గరుంటుంది. దీనికి వెనక ఉంది చూడండి. ఇది చేత్తో కుట్టుకునే సూది." యేసుమణి దాన్ని వెలుతురుకు ఎత్తి, గోటితో మొన తడిమింది. "మొన విరగలేదు. పూర్తిగా ఉంది. బాబు ఒంట్లో ఏమీ లేదు శ్రీలేఖమ్మా, భయపడకండి. పైన గుచ్చుకుందంతే."

తారక్ డాక్టరుతో మాట్లాడాడు. సూది మొత్తం బయటే ఉంటే ప్రమాదం లేదనీ, కడిగి గంటలోపు తీసుకురమ్మనీ డాక్టరు చెప్పాడు. ఆ మాటకు శ్రీలేఖ భోరున ఏడ్చింది. ఏడుస్తూనే గోడ దాకా వెనక్కి జరిగి, వీపు గోడకు ఆనించి నిలబడింది.

"దానంతట అది దూరలేదు. ఎవరో పెట్టారు," అంది. "ఇంట్లో వాళ్ళే. ఎవరు పెట్టారో చెప్పేదాకా నా బిడ్డను ఎవరూ ముట్టుకోవద్దు. ఎవరూ!"

బొంత ఇంటికొచ్చింది ఒంటిగంటకు. ఉయ్యాల్లో పరిచింది మూడున్నరకు. మధ్యలో రెండున్నర గంటలు. ఆ రెండున్నర గంటలూ ఇంట్లో ఉన్నది ఎవరెవరు? అందరి కళ్ళూ గదిలో తిరగడం మొదలుపెట్టాయి.

వసుమతి కళ్ళు ముందు పనిమనిషి మీద ఆగాయి. "వజ్రమ్మా, తెచ్చింది నువ్వే."

"అయ్యో, గట్లంటరేందమ్మా!" వజ్రమ్మ నెత్తి కొట్టుకుంది. "సంచి మూతి సుత ఇప్పలే నేను. తెచ్చిన, మంచం మీద పెట్టిన, గిన్నెలు తోముకున్న. నాకు మనవలు లేరా? పసిపోరని పక్కల సూది పెడితే నా చేతులు పడిపోవాలె!"

"మరి పరిచిందెవరు?" ఇందాకటి చుట్టమే అడిగింది. మెత్తగా అడిగింది. ఎవరో తెలిసే అడిగింది.

మంజూష తలెత్తింది. తారక్ భార్య, ఆ ఇంటి పెద్దకోడలు. పెళ్ళై ఏడేళ్ళయింది. పిల్లలు లేరు. "నేనే పరిచాను," అంది. గొంతు వినపడీ వినపడకుండా ఉంది. "అత్తయ్యగారు పరవమంటే పరిచాను."

ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శ్రీలేఖ కావాలని చేసిందో లేదో గానీ, పిల్లాడిని అటువైపు భుజం నుంచి ఇటువైపు భుజానికి మార్చుకుంది. మంజూష అది చూసింది. తారక్ రిసీవరు చేత్తో పట్టుకునే భార్యను చూస్తున్నాడు, ఆమె పక్కకు వచ్చి నిలబడాలని కూడా తోచనట్టు.

"వదిననెందుకు చూస్తారలా?" అన్నాడు భార్గవ్ హఠాత్తుగా. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. "ఇంక ఆపండి. అయిందేదో అయింది. బాబు బాగున్నాడుగా? డాక్టరు దగ్గరికి పోదాం పదండి."

"ఆపడమేంట్రా?" అంది వసుమతి. "మనింట్లో బిడ్డ చావు కోరిన చెయ్యి ఒకటుంది. దాన్ని ఇంట్లో పెట్టుకుని అన్నం తినమంటావా?"

యేసుమణి లేచింది. సంచి భుజాన వేసుకుంది. ఆమె మీద పడ్డ మచ్చ తొలగిపోయింది. ఇప్పుడు మెట్లు దిగి వెళ్ళిపోతే అడిగేవాళ్ళు లేరు. పెద్దింటి గొడవలో బట్టలు కుట్టుకునే మనిషి నోరు పెడితే రేపు ఏమవుతుందో ఆమెకు తెలియనిది కాదు. గుమ్మం వైపు రెండడుగులు వేసింది. మంజూషను దాటుతుంటే ఆమె చేతులు కనిపించాయి. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, గోళ్ళు చర్మంలో దిగి ఉన్నాయి.

ఇకమీదట ఏ ఇంట బారసాల జరిగినా ఈ పిల్లను గది బయటే నిలబెడతారు.

యేసుమణి సంచి కింద పెట్టేసింది.

"అమ్మగారూ, ఒక్క మాట. ఇది చెడు కోరి పెట్టింది కాదు."

"నీకేం తెలుసు?"

"బట్ట చెబుతుందమ్మా." బొంత దగ్గర మళ్ళీ కూర్చుంది. "ఇటు చూడండి. సూది చుట్టూ దూది ఉంది. మొనకు దూది చుట్టి, దాని మీద దారం చుట్టారు. బాబు తన్నుకుంటుంటే ఆ దూది జారి మొన బయటపడింది. పొడవాలనుకున్నవాళ్ళు మొనకు దూది చుట్టరు. పైగా బాబు ఒంటికి తగలకూడదని అంచున పెట్టారు. మీరే అన్నారుగా, కత్తి తీసేశారని. ఆ కత్తి బదులు ఇది. ఎవరో బాగా భయపడి, ఇనుము ఉండాలని పెట్టారు."

ఇప్పుడు కళ్ళన్నీ వసుమతి మీదికి మళ్ళాయి. కామరాజు భార్యను చూసి, "వసూ..." అన్నాడు భయంభయంగా.

"నా వైపు చూస్తారేంటండీ!" ఆవిడ ఇంతెత్తున లేచింది. "నేను పెడితే కత్తే పెడతాను. అందరి ముందూ పెడతాను. నాకు దాపరికమేంటి? నాకు ఎవరి భయం?"

"అమ్మగారు కాదు," అంది యేసుమణి. "అమ్మగారి కుట్టు చీర ఫాల్స్ మీద ఎన్నోసార్లు చూశాను. బియ్యపు గింజంత ఉంటుంది. మంజూషమ్మ జాకెట్లకు హుక్కులు ఆవిడే కుట్టుకుంటారు. దారం కొస లోపల దాచి, పైకి కనపడకుండా కుడతారు. వాళ్ళిద్దరిదీ కాదు ఇది. సూదిని బట్టకు కట్టేసిన ఈ కుట్టు చూడండి. ఒకేచోట కిందకూ పైకీ ఏడెనిమిదిసార్లు గుచ్చి, దాని మొదట్లో దారం చుట్టీ చుట్టీ, మూడు ముడులేశారు. ఇది గుండీ కుట్టే కుట్టు. అదీ ఆడవాళ్ళు కుట్టినట్టు కాదు."

"మరి?"

"ఎస్.ఆర్. నగర్ రూముల్లో ఉండే మగపిల్లలు కుట్టే కుట్టమ్మా. ఇంటర్వ్యూకి పోయే రోజు పొద్దున చొక్కా గుండీ ఊడితే, ఇంట్లో అమ్మ ఉండదు, అడగడానికి ఎవరూ ఉండరు. మళ్ళీ ఊడిపోతుందేమోనని భయం. ఆ భయంతో దారం అయిపోయేదాకా గుచ్చుతారు. అలాంటి చొక్కాలు నా దగ్గరికి బోలెడొస్తాయి. ఆ గుండీ ఊడదీయాలంటే బ్లేడు విరగాల్సిందే."

కామరాజు తన చేతులు చూసుకున్నాడు. "నాకు సూదిలో దారమే ఎక్కించడం రాదు," అన్నాడు ఎవరూ అడక్కుండానే. తారక్ ఈ ఇల్లు వదిలి ఒక్క రోజు బయట ఉన్నవాడు కాదు.

శ్రీలేఖ గోడను వదిలింది. నాలుగడుగులు వేసి వచ్చి, వంగి, బొటనవేలితో ఆ ముడి మీద తడిమింది. ఒకసారి, రెండుసార్లు. లేచి నిలబడ్డాక ఆమె మొహంలో ఏడుపు లేదు. నేరుగా మంజూష దగ్గరికి వెళ్ళింది.

"అక్కా, పట్టుకో," అంటూ పిల్లాడిని ఆమె చేతుల్లో పెట్టింది. మంజూష ముందు వెనక్కి తగ్గింది. తర్వాత రెండు చేతులూ చాపి తీసుకుంది, గాజు బొమ్మను తీసుకున్నట్టు.

"ఏంటమ్మాయ్?" అంది వసుమతి. "నీకు తెలిసిందా? చెప్పు, ఎవరా మనిషి?"

"పెళ్ళైన కొత్తలో, అంతకుముందు వేరే ఊళ్ళో రూములో ఉన్నప్పటి ఆరు చొక్కాల గుండీలు విప్పి కుట్టానండీ," అంది శ్రీలేఖ. "అన్నిటికీ ఇదే ముడి. రెండువారాలుగా బాబు ఉలిక్కిపడ్డప్పుడల్లా ఎత్తుకుని తిరుగుతున్నది కూడా ఆ మనిషే. కత్తి తీసి పారేసిన మనిషి కూడా. మళ్ళీ పెట్టమని అడగడానికి మొహం చెల్లలేదేమో."

కిటికీ దగ్గర కళ్ళజోడు తీసి తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"ఎవరే?" వసుమతి గొంతు సన్నబడింది. తెలిసిపోయింది ఆవిడకు. అయినా అడిగింది. "పేరు చెప్పు."

రెండేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో, అత్తగారి ఎదుట, శ్రీలేఖ 'ఆయన' అనే అంది. 'మీ అబ్బాయి' అంది. పేరెత్తి పిలిచింది లేదు. ఇప్పుడు భర్త కళ్ళలోకి సూటిగా చూస్తూ, గదిలో ఉన్న ప్రతివాళ్ళకూ వినపడేలా ఆ పేరు పలికింది.

"భార్గవ్."